మధ్యలో పెట్టి ఎంటర్ నొక్కాలి

టెలిస్కోప్ పెట్టె, మా ఆయన కంటిపరీక్ష కాగితం ఒకే రోజు నా బల్ల మీదికి వచ్చాయి. రెండింటిలో నేను ముందు చూసింది పెట్టెని. ఆ తప్పు నాదే, ఇంకెవరి మీదా తోయను.

మాది కళ్ళద్దాల షాపు. ముందు గదిలో షాపు, వెనక గదుల్లో మేము. ముప్పై ఏళ్ళుగా ఈ వీధిలో వాళ్ళందరి చూపూ నా చేతుల మీదుగానే వెళ్ళింది. మా ఆయన రాత్రి బస్సు డ్రైవరు. నలభై రెండు సీట్ల బస్సు సాయంత్రం ఏడింటికి ఎక్కితే ఘాట్ రోడ్డు దాటి, అవతల దిగి, మళ్ళీ తెల్లారేసరికి ఊళ్ళోకి తెచ్చి నిలబెడతారు. ఏడాదికోసారి చూపు బాగుందని డిపోలో కాగితం ఇవ్వాలి. దాని మీద సంతకం పెట్టేది నేను. అది లేనిదే ఆయన చేతికి స్టీరింగ్ ఇవ్వరు. రిటైర్మెంట్‌కి ఇంకా మూడేళ్ళుంది.

మా షాపు గది పొడుగు తక్కువ. అందుకని తిరగేసి అచ్చేసిన అంకెల చార్టు కుర్చీ వెనక, కూర్చున్నవాళ్ళ తల మీదుగా లైటు పెట్టెలో ఉంటుంది. ఎదురు గోడకి అద్దం. కూర్చున్న మనిషి అద్దంలో చూసి చదవాలి. ఆ మంగళవారం మా ఆయన కుర్చీలో కూర్చుని, ఒక కన్ను అరచేత్తో మూసుకుని, "చదవమంటావా?" అన్నారు.

"చదవండి" అన్నాను. నేనేమో కత్తెరతో పెట్టె మీద టేపు కోస్తున్నాను.

ఆయన పైనుంచి కిందికి ఊపిరి తిప్పుకోకుండా చదివారు. చివరి వరస తొమ్మిది, రెండు, ఆరు, మూడు, ఐదు. రెండో కంటితో కూడా అంతే. నేను తల ఎత్తకుండానే రెండు గళ్ళలో టిక్కు పెట్టి సంతకం చేసి ఇచ్చాను. ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నారు. సోమవారం సాయంత్రం, వారం సెలవు అయిపోయి డ్యూటీ ఎక్కేముందు, డిపోలో ఇవ్వాలి.

మా ఇంట్లో అందరికీ ఆ చార్టు కంఠతా వచ్చు. మా అమ్మాయి అంకెలు నేర్చుకున్నదే దాని మీద. పెళ్ళయి వెళ్ళాక నా ఫోన్ నంబరైనా మర్చిపోతుందేమో గానీ ఆ చివరి వరస మర్చిపోదు. దీపం కింద చీకటి అని ఊరికే అనలేదు పెద్దలు.

టెలిస్కోప్ ఆయన కోరిక. ఘాట్ పైన బస్సు పది నిమిషాలు ఆగుతుంది. ఇరవై ఆరేళ్ళుగా ఆ పది నిమిషాలూ ఆయన లైట్లు ఆర్పేసి బస్సు వెనక నిలబడి తల పైకెత్తి చూస్తూ ఉంటారు. "ఈమధ్య అక్కడ కూడా చుక్కలు తగ్గిపోయాయి" అని ఏడాదిగా అంటున్నారు. ఊళ్ళ వెలుతురు పెరిగింది, అందుకే అని ఆయనే కారణం చెప్పేవారు. నేనూ ఊఁ కొట్టేదాన్ని. కంప్యూటర్ ఉన్న టెలిస్కోప్ అయితే దేన్ని కావాలంటే దాన్ని అదే వెతికి, పెద్దది చేసి చూపిస్తుందట. "కనిపించనివన్నీ కనిపిస్తాయట" అన్నారు. ఆ మాట అప్పుడు నాకు ముచ్చటగానే వినిపించింది.

మర్నాడు మధ్యాహ్నం డాబా మీద మూడు కాళ్ళ స్టాండు నిలబెట్టాం. గొట్టానికి పక్కన ఇంకో చిన్న గొట్టం ఉంటుంది, గురి చూడటానికి. పెద్దదీ చిన్నదీ ఒకే చోటికి చూసేలా పగలే బిగించుకోవాలి. దూరంగా ఉన్న సెల్ టవర్‌ని ఎంచుకున్నాం.

"టవర్ నడుం దగ్గర వంకరగా ఉంది" అన్నారాయన, కన్ను ఆనించి.

నేను చూశాను. గీత గీసినట్టు నిటారుగా ఉంది. "ఎండ కదా, వేడిగాలికి అలా అనిపిస్తుంది" అన్నాను. ఆయన మళ్ళీ చూసి, "ఇప్పుడూ వంకరే. అద్దంలో ఏదో లోపం ఉంది" అన్నారు. ఐపీసు, అదే, కన్ను ఆనించే చిన్న అద్దాన్ని ఊడదీసి, ముప్పై ఏళ్ళ పనితనమంతా చూపించి తుడిచాను. మళ్ళీ వంకరే అన్నారు.

"ఆడలేక మద్దెల ఓడు అన్నాట్ట మీలాంటివాడు" అన్నాను.

మా అత్తయ్య నీడలో కుర్చీ వేసుకుని ఇదంతా చూస్తున్నారు. ఆవిడకి ఎనభై దాటాయి, నోరు మాత్రం పాతికేళ్ళ దగ్గరే ఆగింది. నేను రిమోట్‌లో మా ఊరి అక్షాంశం, రేఖాంశం, తారీఖు, టైము కొడుతుంటే ఏమిటా నొక్కుడు అని అడిగారు.

"మనం ఎక్కడున్నామో దానికి చెప్పాలి అత్తయ్యా."

"మనం ఎక్కడున్నామో మనమే చెప్పాలా? ఇక అది చెప్పేదేమిటి, మన తలకాయ."

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. మా ఆయన టీ ఫ్లాస్కు కోసం కిందికి వెళ్ళేదాకా ఆగి, గొంతు తగ్గించి, "అమ్మాయ్, వాడు ఈమధ్య నా ముఖం చూసి మాట్లాడ్డం మానేశాడు. చెవి చూసి మాట్లాడుతున్నాడు" అన్నారు.

"మీ కమ్మలు చూస్తున్నారేమో."

"యాభై ఏళ్ళ నాటి కమ్మల్లో ఇప్పుడు కొత్తగా చూసేదేముంది? నా మీద ఏదైనా కోపమా అని అడుగు."

అడుగుతానన్నాను. అడగలేదు. కోడలికి ఇలాంటివి రోజుకి పది చెబుతారు అత్తగార్లు.

ఆ రాత్రి నుంచీ అసలు తిప్పలు మొదలయ్యాయి. ఆకాశంలో ఏది ఎక్కడుందో టెలిస్కోప్‌కి ముందే తెలుసు. తను ఎటు తిరిగి ఉందో మాత్రం తెలియదు. అందుకని మొదట ఒక వెలుగైన చుక్క పేరు చెప్పి, మోటారు గుర్రుమనిపిస్తూ దాదాపు అటు తిరిగి, ఆగి, ఆ చుక్కని ఐపీసులో కనిపించే గుండ్రానికి మధ్యలో పెట్టి ఎంటర్ నొక్కమంటుంది. అలా రెండు చుక్కలకి చేస్తే చాలు. ఆ తర్వాత ఏది అడిగినా తీసుకెళ్ళి చూపిస్తుంది. మనం మధ్య అన్నదే దానికి మధ్య. ఎదురు అడగదు, పాపం.

నేను పెట్టినప్పుడు అడిగినవన్నీ అడిగిన చోటే ఉన్నాయి. ఆయన పెట్టిన రోజు ఏదీ సరిగ్గా కుదరలేదు. నేను ఇలాంటివి భరించలేను. కళ్ళద్దాల ఫ్రేము ఒక వెంట్రుక వాసి వంగి ఉన్నా నాకు నిద్ర పట్టదు. స్టాండు మట్టం చూశాను. మరలు బిగించాను. బ్యాటరీ రాత్రంతా ఛార్జింగ్‌లో ఉంచాను. లాప్‌టాప్‌కి తగిలించి లోపలి ప్రోగ్రాము కొత్తది ఎక్కించాను. శుక్రవారం మళ్ళీ ఆయన చేత చేయిస్తే మళ్ళీ తప్పింది. నాకు ఒళ్ళు మండి అమ్మినవాళ్ళకి ఫోన్ చేశాను.

అవతల టెక్నీషియన్ చాలా నెమ్మదిగా మాట్లాడాడు. "తప్పు ప్రతిసారీ ఒకే వైపు వస్తోందా మేడమ్?" అన్నాడు.

"అవును. గడియారంలో నాలుగు అంకె ఉండే వైపు. అంగుళం తేడా లేదు."

"మిషన్ తప్పయితే ఒక్కోసారి ఒక్కో వైపు ఉంటుందండి. చుక్కని మధ్యలో పెట్టేది ఎవరు? ఎప్పుడూ ఒకరేనా?"

మా ఆయన మీద నేను ఎన్నయినా అంటాను, ఇంకొకరు అంటే ఊరుకోను. ఇరవై ఆరేళ్ళుగా ఒక్క గీత పడకుండా బస్సు నడుపుతున్న మనిషి అని చెప్పి ఫోన్ పెట్టేశాను. కానీ ఆ ప్రశ్న మాత్రం పంటి కింద రాయిలా ఉండిపోయింది.

ఆదివారం అమావాస్య. కారు వెనక సీట్లో టెలిస్కోప్‌కి దుప్పటి చుట్టి, టార్చికి ఎర్ర కాగితం కట్టి, ఘాట్ పైకి బయల్దేరాం. చీకటికి అలవాటైన కన్ను ఎర్ర వెలుతురుకి చెడదు. అత్తయ్య గుమ్మంలో నిలబడి, "నెమ్మదిగా పోరా" అన్నారు.

"ఈ దారి నాకు కళ్ళు మూసుకున్నా వచ్చమ్మా" అన్నారు మా ఆయన.

నిజమే. మలుపు రాకముందే ఆయన చేతులు తిరిగేవి, గుంట రాకముందే కాలు బ్రేకు మీద ఆనేది. సగం పైకి వెళ్ళాక రోడ్డు మధ్యలో తారు డ్రమ్ము ఒకటి కనిపించింది. ఏదో మరమ్మతుకి ఆ వారమే పెట్టినట్టున్నారు. దానికి తెల్ల రంగు వేసి ఉంది, మా కారు లైట్లు సూటిగా దాని మీదే పడుతున్నాయి. ఆయన వేగం తగ్గించలేదు. తగ్గిస్తారులే అనుకున్నాను. ఇంకా తగ్గించలేదు.

"డ్రమ్మండీ" అన్నాను.

కారు ఒక్క ఊపున పక్కకి జరిగింది. నా వైపు అద్దం డ్రమ్ముకి రాసుకుని మడతపడింది. వెనక టెలిస్కోప్ దొర్లి తలుపుకి కొట్టుకుంది.

"చూశాను" అన్నారాయన.

"చూస్తే తిప్పరేం?"

"చూశానన్నాను కదా."

పైకి చేరేదాకా నేను సీటు అంచు పట్టుకుని కూర్చున్నాను.

పైన ఆకాశం నిండా చుక్కలు ఉన్నాయి. ఎక్కడా ఏమీ తగ్గలేదు. నేను అలా తల ఎత్తి నిలబడిపోయాను. ఏడాదిగా ఆయన చెబుతున్న మాట గుర్తొచ్చింది. ఇక్కడికి ఏ ఊరి వెలుతురూ రావడం లేదు.

"ఈసారి నేనే పెడతాను, నువ్వు మధ్యలో దూరకు" అని ఆయన ఎర్ర వెలుతుర్లో రిమోట్ తీసుకున్నారు. మోటారు తిరిగి ఆగింది. ఆయన వంగి, బాణం బటన్లు అటూ ఇటూ నొక్కి, ఎంటర్ కొట్టారు. రెండో చుక్కకీ అంతే. తెర మీద అంతా బాగానే కుదిరిందని వచ్చింది. నేను ఒక చుక్కల గుంపు అడిగి కన్ను ఆనించాను. గుంపు నాలుగు అంకె దగ్గర ఉంది. ఇంకోటి అడిగాను. అదీ నాలుగు దగ్గరే. మూడోదీ అంతే.

అప్పుడు నేను ఆకాశంలోకెల్లా వెలుగైన చుక్కని అడిగి, దాన్ని నా చేత్తో సరిగ్గా గుండ్రం మధ్యకి తెచ్చాను.

"ఇప్పుడు చూడండి."

ఆయన చూశారు. "ఏదీ?"

"మధ్యలో ఉంది."

"లేదు. నువ్వెటో తిప్పేశావు."

నేను చూశాను. అది అక్కడే, కళ్ళు చికిలించుకునేంత వెలుగుతో ఉంది. బటన్ నొక్కి దాన్ని నాలుగు దగ్గరికి జరిపాను. ఈసారి ఆయన వెంటనే, "ఆఁ, వచ్చింది. ఇదిగో ఇదే మధ్య" అన్నారు. చెప్పకుండా మళ్ళీ అసలు మధ్యకి తెచ్చాను.

"పోయింది" అన్నారు.

రెండో కన్ను పెట్టమన్నాను. దాంతోనూ అంతే. మధ్యకి తెస్తే పోయింది, పక్కకి జరిపితే వచ్చింది. ఆయన తల ఎత్తి, "మబ్బు పట్టిందా?" అని అడిగారు.

మసకగా ఉండేవాటిని కంటి చివరతో చూస్తేనే తెలుస్తాయని నాకూ తెలుసు. కానీ ఇది మసక చుక్క కాదు. వంగిన టవరు, అత్తయ్య చెవి, తెల్లటి డ్రమ్ము అన్నీ ఒక్కసారిగా వచ్చి నా ముందు నిలబడ్డాయి. ఆయన చూపులో నడిమధ్యన ఏమీ లేదు. నాలుగు రాత్రులుగా ఆ మిషను అదే చెబుతోంది, నేను మరలు బిగిస్తూ కూర్చున్నాను. నాకు చాలా భయం వేసింది. అంతకంటే ఎక్కువ సిగ్గు వేసింది.

"మబ్బు లేదండీ" అన్నాను. "చుక్క ఉంది. మీకు కనబడటం లేదు."

"టెలిస్కోప్‌లో లోపం అని మొదటి రోజే చెప్పాను."

"లోపం దాంట్లో లేదు."

"మరి మంగళవారం చార్టు చదివానా లేదా? చివరి వరస దాకా చదివాను. నువ్వే సంతకం పెట్టావు." ఆయన గొంతులో కోపం లేదు. నన్ను ఒప్పించాలన్న తొందర ఉంది.

"రేపు పొద్దున మళ్ళీ చదువుతారా?"

"వందసార్లు చదువుతాను. రేపు సాయంత్రం డ్యూటీ ఉంది నాకు."

అప్పుడే కింద మలుపులో లైట్లు కనిపించాయి. ఏడింటి బస్సు. మా ఆయన సెలవులో ఉన్నారని ఇంకో డ్రైవరు నడుపుతున్నాడు. బస్సు వచ్చి మాకు కాస్త దూరంలో ఆగింది. లోపల లైటు వేసి ఉంది. ఒక ముసలాయన మఫ్లరు సర్దుకుంటున్నాడు. ఒకావిడ నిద్రపోతున్న పిల్ల తల కిటికీకి కొట్టుకోకుండా మధ్యలో చెయ్యి పెట్టి తనూ నిద్రపోతోంది. నేను ముందు సీటు నుంచి వెనక దాకా ఒక్కొక్కరినీ చూశాను. పోయిన వారం దాకా వీళ్ళని తీసుకెళ్ళింది మా ఆయన. పోయినేడాది కాగితం మీద సంతకం కూడా నాదే, అది ఎలా పెట్టానో నాకు గుర్తు లేదు.

బస్సు వెళ్ళిపోయాక ఆయన కారు తాళాలు తీశారు. నేను చెయ్యి చాపాను.

"నీకు నడపడం రాదుగా."

"రాదు. తెల్లవారుజాము దాకా ఇక్కడే ఉందాం. బస్సు తిరిగొస్తుంది కదా, అందులో దిగుదాం."

"నా బస్సులో నేను టికెట్ కొట్టించుకోవాలా?" అని నవ్వబోయారు. నేను చెయ్యి దించలేదు. చివరికి తాళాలు ఇచ్చారు. టెలిస్కోప్‌ని దుప్పట్లో చుట్టి కారులో పెట్టి, రాత్రంతా ముందు సీట్లలో కూర్చున్నాం. ఆయన నిద్రపోలేదని నాకు తెలుసు. నేను నిద్రపోలేదని ఆయనకి తెలుసు.

పొద్దున ఆ బస్సులోనే ఊళ్ళోకి దిగి షాపు తలుపు తీసేసరికి ఏడు దాటింది. ఆయన ముఖం కడుక్కుని, జుట్టు దువ్వుకుని, ఎవరో కొత్త కస్టమర్ లాగా కుర్చీలో కూర్చున్నారు. మడత పెట్టిన కాగితం చొక్కా జేబులోంచి కనిపిస్తోంది. నేను కుర్చీ వెనక్కి వెళ్ళాను. లైటు పెట్టెలోంచి చార్టు జారిస్తే చప్పుడవుతుందని భయపడ్డాను, కాలేదు. స్విచ్చి వేసి, వచ్చి ఎదురుగా నా స్టూలు మీద కూర్చున్నాను.

"కుడి కన్ను మూసుకోండి."

ఆయన అరచెయ్యి అడ్డం పెట్టుకుని అద్దంలోకి సూటిగా చూశారు. ఈసారి నేను తల ఎత్తే ఉన్నాను. అద్దంలో లైటు పెట్టె తెల్లగా వెలుగుతోంది, దాని మీద ఏమీ లేదు.

"ఏడు" అన్నారు. "నాలుగు, రెండు."

ఒక్కో వరసా దిగుతున్నారు. ఎక్కడా తడబాటు లేదు. కిందికి వచ్చేకొద్దీ, అంకెలు చిన్నవైనప్పుడు అందరూ చేసినట్టే, కాస్త ముందుకి వంగి కళ్ళు చికిలించారు కూడా. ఆయన అబద్ధం ఆడటం లేదని అప్పుడే నాకు అర్థమైంది. ఆ అంకెలు ఆయనకి నిజంగానే కనిపిస్తున్నాయి. ఎక్కడ కనిపిస్తున్నాయో నేను అడగలేను.

"తొమ్మిది, రెండు, ఆరు, మూడు, ఐదు." చెయ్యి దించి, "సరిపోయిందా?" అన్నారు.

వెనక గదిలో అత్తయ్య కుర్చీ జరుపుతున్న చప్పుడు వినిపించింది.

"ఏమండీ" అన్నాను, "చార్టు నా ఒళ్ళో ఉంది."

ఆయన అద్దంలోకి మళ్ళీ చూశారు, ఈసారి తల కొంచెం పక్కకి తిప్పి, తర్వాత ఇంకో పక్కకి తిప్పి. అలా చాలాసేపు వెతికారు. నలభై రెండు సీట్లు ఆయనకి ఒక్కొక్కటీ గుర్తొస్తున్నాయేమో, మెల్లగా రంగు తగ్గిపోయింది ముఖంలో.

జేబులోంచి కాగితం తీసి నాకు అందించారు. నా సంతకం ఉన్న వైపు పైకి ఉంది. "డిపోకి నువ్వే ఫోన్ చెయ్యి" అన్నారు, నా చెవి వైపు చూస్తూ.